గేదె చెవిలో చెప్పిన రహస్యం

చీడివలసలో తమ ఇల్లంత తెలివైన ఇల్లు లేదని బొంతు వారి ఇంట్లో ముగ్గురికీ గట్టి నమ్మకం. ఇంటి పెద్ద పోలయ్య, అతని పెళ్ళాం గవరమ్మ, తమ్ముడు ఎర్రప్పడు. ఎదుటివాడు చెప్పిన మాటను అక్షరం పొల్లుపోకుండా పట్టుకోవడమే వాళ్ళ లెక్కలో తెలివి. దానికి సొంత బుద్ధి కాస్త కలిపినా మాట పాడైపోతుందని వాళ్ళ భయం. ఆ భయమే లేకపోతే బాగుపడేవాళ్ళు.

ఇంట్లో ఉన్నవి ఒక ఫోను, ఒక చూడిగేదె. ఫోనుకు కింద సిగ్నల్ అందదు, ఏం చూడాలన్నా మేడెక్కాలి. గేదె పేరు నీలాలు. ఇంకో పదిహేను రోజుల్లో ఈనుతుంది. దాని పాలు పాలకేంద్రంలో పోస్తేనే ముగ్గురికీ కూడు.

ఒకనాడు పోలయ్య మేడెక్కి, మొలలకు మందేమిటని ఫోనులో వెతికాడు. అంతే. మర్నాటి నుంచి ఫోను తెరిస్తే చాలు, మొలల మందు. వార్తలు చూస్తే మొలల మందు. వాన కబురు చూస్తే మొలల మందు. బావమరిది ఇంటికొస్తే ముహూర్తం చూపిద్దామని మేడ మీదికి తీసుకెళ్ళి తెరిచాడు, పంచాంగానికి అడ్డంగా మొలల మందు. బావమరిది నవ్వు ఆపుకుని, "పీట ఎందుకులే బావా, దిండు మీద కూర్చో" అన్నాడు.

ఇంకేముంది, ముగ్గురూ బజారులో ఫోన్ల కొట్టు నడిపే కామేశ్వరి దగ్గరికి పరుగెత్తారు. ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. ఉచితంగా ఇచ్చే బ్రౌజరువాడు మీరేం చూశారో రాసిపెట్టుకుని, ఆ సంగతి మందులవాడికి అమ్ముకుంటున్నాడంది. వేరే బ్రౌజరు ఒకటుంది, అందులో ప్రకటనలుండవు, హంగులుండవు, చూసింది చూసినట్టే మరిచిపోతుంది, ఏడాదికి ఐదువందలు అంది.

తెరిచి చూపిస్తే తెల్లటి పేజీ. మధ్యలో వెతుక్కోవడానికి ఒక గీత. ఎర్రప్పడు ఫోను తిప్పి వెనకాల కూడా చూశాడు. అన్నీ ఉన్నది ఊరికే ఇస్తూ, ఏమీ లేనిదానికి డబ్బడగడమేమిటని నిలదీశాడు. గవరమ్మ మాత్రం, ఉప్పు లేని కూర వండమంటే తనకూ శ్రమే కదా, వాళ్ళూ అలాగే కష్టపడి తీసేసుంటారు పాపం అంది. ఆ మాట పోలయ్యకు నచ్చింది.

"ఇందులో నేనేం వెతికినా ఎవరికీ తెలీదు కదా?" అని అడిగాడు.

"ఎవరికీ తెలీదు మావా."

ఐదువందలూ కట్టేశాడు. కట్టడం తప్పా? కాదు. ఒళ్ళు హూనం చేసుకుని బతికేవాడి ఇంటి గుట్టు వాడి ఇంట్లోనే ఉండాలి. దాన్ని అమ్ముకునేవాడికి సిగ్గుండాలి. కానీ ఏ పనికి డబ్బు కట్టామో తెలుసుకుని కట్టాలి. వీళ్ళు ఇంటికొచ్చి చేసిన తీర్మానం వినండి. ఎవరికీ తెలీకుండా ఉండటానికి ఐదువందలు కట్టాం గనక, వెతికింది ఎవరికైనా చెప్పామా, ఆ ఐదువందలూ ఏట్లో పోసినట్టే. మొగుడు పెళ్ళానికి చెప్పకూడదు, అన్న తమ్ముడికి చెప్పకూడదు.

ఆ రోజు గవరమ్మ ఫోనులో ఏదో కూర చూసొచ్చి వండింది. ఏం కూరంటే చెప్పదు. చూస్తే తెలిసిపోతుందని మొగుణ్ణీ మరిదినీ కళ్ళు మూసుకుని తినమంది. ఇద్దరూ కళ్ళు మూసుకుని చెరొక చెయ్యీ ఒకే కంచంలో పెట్టి తిన్నారు. రెండో కంచం కోడి తిన్నది.

మర్నాడు పొద్దున పోలయ్య దుప్పటి కప్పుకుని మేడెక్కి, ఈనబోయే గేదెకు ఏం పెడితే పాలు ఎక్కువిస్తుందని వెతికాడు. మొక్కజొన్న నూక కొంచెం పెట్టమని ఉంది. దిగొచ్చి, గొడ్డు పెద్దదని సగం బకెట్టు పెట్టాడు. చెప్పలేదు. తర్వాత అదే దుప్పటిలో గవరమ్మ ఎక్కింది. అదే వెతికింది. ముందు చూసింది ఫోను మరిచిపోయింది కదా, ఆమెకేం తెలుస్తుంది? సగం బకెట్టు పెట్టింది. చెప్పలేదు. తర్వాత ఎర్రప్పడు. సగం బకెట్టు. వాడూ చెప్పలేదు.

ఇంకేముంది. పదింటికల్లా నీలాలు కడుపు డోలులా ఉబ్బి, మూలుగుతూ కూలబడింది.

ఎర్రప్పడు పశువుల ఆసుపత్రికి పరుగెత్తాడు. ఏ పశువని డాక్టరమ్మ అడిగితే చెప్పనన్నాడు. పోనీ నాలుగు కాళ్ళదేనా అంటే, కాసేపు ఆలోచించి, అంతవరకు చెప్పొచ్చన్నాడు. ఆవిడ సంచీ తీసుకుని వాడి వెనకాలే వచ్చింది. గేదెను చూసి ఆవిడ ముఖం మారిపోయింది.

"పోలయ్యా, పచ్చిమేత తిని ఉబ్బిందా, గింజ తిని ఉబ్బిందా? ఒకదానికి పట్టే మందు వేరు, రెండోదానికి పట్టే మందు వేరు. తొందరగా చెప్పు, కడుపులో దూడ కూడా పోతుంది."

పోలయ్య కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. "నీలాలు పోతే మా ముగ్గురికీ గంజి కూడా లేదమ్మా."

"మరి చెప్పు."

"డబ్బు కట్టాం తల్లీ, చెప్పకూడదు."

ఆవిడ ఫోను లాక్కుని తెరిచింది. తెల్లటి పేజీ, మధ్యలో గీత. ఇంకేం లేదు. అంత ఏడుపులోనూ పోలయ్య ముఖం వెలిగింది. చూశావా తమ్ముడూ, డాక్టరమ్మకే దొరకలేదు, డబ్బు వసూలైందన్నాడు.

ఆవిడ ఇలాంటి ఇళ్ళు చాలా చూసింది. "సరే, నాకు చెప్పొద్దు. మనుషులెవరికీ చెప్పొద్దు. తిన్నది అదే కదా, దాని చెవిలో చెప్పండి" అంది.

మనుషులకు కాదు కదా, దోషం లేదనుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు వంగి గేదె చెవిలో చెప్పారు. మూలుగుతున్న గేదెకు వినబడాలని గట్టిగా చెప్పారు. మూడు సగం బకెట్లు లెక్క తేలగానే డాక్టరమ్మ గొట్టం వేసి గాలి తీసింది, గింజకు తగిన మందు పట్టించింది, సాయంత్రం దాకా పక్కనే కూర్చుంది. పొద్దు వాలే వేళకు నీలాలు లేచి నిలబడి నెమరు వేసింది. దూడ కూడా కదిలింది. రెండు రోజులు ఎండుగడ్డి తప్ప ఏమీ పెట్టొద్దని, ఎక్కువ తిప్పొద్దని చెప్పి ఆవిడ వెళ్ళింది.

గేదె దక్కింది. దాంతో కొత్త దిగులు పట్టుకుంది. ఇప్పుడు గుట్టంతా గేదెకు తెలుసు. అది పాలకేంద్రం దగ్గర ఎవరితోనైనా అనేస్తే? అంతే, మర్నాడు పొద్దున్నే దాన్ని తోలుకుని కామేశ్వరి కొట్టుకు వెళ్ళి, గేదె పేరున కూడా ఐదువందలు కట్టించుకోమన్నారు. ఎందుకని అడిగితే చెప్పరు.

కామేశ్వరి నెత్తి పట్టుకుంది. "మీరు డబ్బు కట్టింది ఫోను నోరు మూయించడానికి మావా. మీ నోళ్ళు కుట్టుకోవడానికి కాదు" అంది.

ఎర్రప్పడు అదంతా వదిలేసి ఒక ఉపాయం చెప్పాడు. ముందు గేదెను అడిగి చూద్దాం, గుట్టు బయటపెడితేనే కడదాం అన్నాడు. వీళ్ళు పోతే చాలనుకుని ఆ పిల్ల గేదె ముందు నిలబడి, "వీళ్ళు నీ చెవిలో ఏం చెప్పారే?" అనడిగింది. నీలాలు నెమరు వేసింది. మళ్ళీ అడిగితే మళ్ళీ నెమరు వేసింది.

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. చెప్పింది ఎవరికీ చెప్పదు, హంగులు లేవు, ప్రకటనలు లేవు, ఏడాదికి పైసా అడగదు. ఇంత మంచిది ఇంట్లో పెట్టుకుని బజారులో డబ్బు తగలేశామా అని తిట్టుకుంటూ ఇంటికొచ్చి, ఫోనును బియ్యం డబ్బాలో పడేశారు.

పోలయ్య దుప్పటి కప్పుకుని గేదె చెవి దగ్గర వంగి, మొలలకు మందేమిటని అడిగాడు. నీలాలు చెవి విదిలించింది. చాలాసేపు చూశాడు. జవాబు రాలేదు.

"కింద సిగ్నల్ అందదు కదండీ" అంది గవరమ్మ.

అంతే. ముందు నుంచి పోలయ్య పలుపు లాగుతున్నాడు, వెనక నుంచి ఎర్రప్పడు భుజం పెట్టి తోస్తున్నాడు. నిండుచూలు గేదె మేడ మెట్లు ఎక్కుతోంది.