కంజీరకి కాటుక

సింగారయ్యకీ, అతని తమ్ముళ్ళు గుర్నాథానికీ భద్రయ్యకీ తెలివి ఎక్కువ. ఎక్కువని ఎవరూ చెప్పలేదు, వాళ్ళకే తెలుసు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, అక్షరం జారనివ్వరు. అలాంటివాళ్ళని చెల్లెలి మొగుడు కొండలరావు ఒక్క భజనకైనా పిలవలేదు. సింగారయ్యకి అదే దిగులు. చివరికి చెల్లెలు పోరగా పోరగా, "సరే, ఈ శనివారం రమ్మను. బాగుంటే వారం వారం వాళ్ళదే భజన" అన్నాడు బావ.

ఇంకేముంది, ముగ్గురూ కంజీర కొనడానికి బయల్దేరారు.

"ఇంట్లో వాయిస్తారా, ఆరుబయటా?" అన్నాడు కొట్టువాడు.

"అరుగు మీద," అన్నాడు సింగారయ్య. "అది ఇల్లూ కాదు, బయటా కాదు. నడిమి రకం ఇవ్వు."

కొట్టువాడు నవ్వాపుకుని ఒకటిచ్చాడు. "వానకి తోలు సడలుతుంది, కాస్త నిప్పు చూపించండి. మరీ బిగిస్తే తడి చెయ్యి వెయ్యండి" అని చెప్పాడు.

శనివారం ఒకటే ముసురు. బావ ఇంటి అరుగు మీద కూచుని గుర్నాథం కంజీర కొడితే గోనెసంచి మీద కొట్టినట్టు బొద్దుబొద్దుమంది. భద్రయ్య వంటింట్లోంచి కుంపటి తెచ్చి, "ఇదిగోనమ్మా నిప్పు, చూడు!" అన్నాడు. ఎంతకీ చూడదే!

"దానికి కళ్ళేవిరా, వెర్రివాడా?" అని సింగారయ్య చెల్లెలి కాటుక అడిగి తెచ్చి రెండు కళ్ళు దిద్దాడు. అంతే, దగ్గరగా చూస్తుందని భద్రయ్య దాన్ని కుంపటి మీదే బోర్లించాడు. తోలు బిగుసుకుపోయి, ముట్టుకుంటే కంయ్‌మంది.

"తడి చెయ్యి వెయ్యరా!" అని అరిచాడు సింగారయ్య. గుర్నాథం చెయ్యి తడిపి కంజీర మీద వేశాడు. వేసి అలాగే ఉంచాడు.

"వాయించవేంరా?"

"కొట్టువాడు వెయ్యమన్నాడు గానీ తియ్యమనలేదుగా అన్నయ్యా!"

నిజమే కదా అనుకున్నాడు సింగారయ్య. ఎదురుగా జనం చూస్తున్నారు. బావ ఇంక జన్మలో పిలవడేమోనని పాపం అతనికి చెమటలు పట్టాయి. ఏదైతే అదయిందని పాట ఎత్తుకుని, "భద్రయ్యా, తాళం వెయ్యి!" అన్నాడు.

ఇంకేముంది! భద్రయ్య చేతిలో తాళాలు పక్కన పడేసి, చటుక్కున లేచి వీధి తలుపుకి తాళం వేసి వచ్చాడు. ప్రసాదం తేవడానికి లోపలికెళ్ళిన బావ లోపలే ఇరుక్కుపోయి, దబదబా తలుపు బాదడం మొదలెట్టాడు.

"ఆహా! బావ దరువెత్తుకున్నాడర్రా!" సింగారయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బావ బాదినకొద్దీ ఇతను గొంతు పెంచాడు. అంత బాగా అతను ఎప్పుడూ పాడలేదు.

చివరికి జనంలో ఎవరో తాళం తీశారు. కొండలరావు ఎర్రగా కందిపోయి బయటికొచ్చి, "ఇంకోసారి నా గడప తొక్కారో, కాళ్ళు విరగ్గొడతాను!" అన్నాడు.

దారిలో గుర్నాథం బిక్కమొహం వేసుకుని, "బావకి కోపమొచ్చిందా అన్నయ్యా?" అన్నాడు.

"రాదూ మరి? గడప తొక్కితే ఇంటికి అరిష్టం కదరా! ఎవరు తొక్కారో ఏమో. అయినా రావద్దన్నాడా? అనలేదుగా!" అన్నాడు సింగారయ్య. అతని మనసు తేలికపడింది.

పై శనివారం పొద్దున్నే కొండలరావు పళ్ళు తోముకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ముగ్గురూ వీధి చివర్నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, గడపకి కాలి వేలైనా తగలకుండా, ఒకరి తర్వాత ఒకరు ఎగిరి బావ మీదికి దూకారు.