దళవాయి బరువు

తుమ్మలకోటను ఏలే చెన్నభూపతికి ఒకరోజు తన భటులు ఒళ్లు పెంచి బద్ధకిస్తున్నారని అనుమానం వచ్చింది. అందరికీ పరీక్ష పెట్టమని సేనను నడిపే దళవాయి రంగప్పను పిలిచి చెప్పాడు.

రంగప్ప బక్కపలచని మనిషి. తాడు దొరికితే ఉడుతలా బురుజు పైకి పాకేవాడు. ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు చెప్పుకునేవాడు కూడా. అందుకే ఆ పరీక్షే పెట్టాడు. తాడు పట్టుకుని బురుజెక్కితే కొలువు ఉంటుంది, లేకపోతే ఊడుతుంది.

సన్నటివాళ్లంతా చకచకా ఎక్కేశారు. కోట తలుపు కాసే కొండయ్య మాత్రం ఏనుగంత మనిషి. రెండు మూరలు ఎక్కి జారిపోయాడు. అరచేతులు దోక్కుపోయాయి. కొలువు ఊడినట్టేనని తలపాగా తీసి, పరీక్ష చూస్తున్న రాజు ముందు పెట్టాడు.

ధాన్యపు కొట్టు చూసుకునే అక్కమ్మ అది చూసి ఊరుకోలేకపోయింది. పోయినేడు దొంగల దండు మీదపడినప్పుడు కోట తలుపును భుజంతో ఆపినవాడు అతనే. ఆమె కొంగు బిగించి ముందుకొచ్చింది.

"దళవాయిగారూ, ఈ పరీక్ష దేనికండీ?"

"బలానికి."

"మరి అందరూ మోసే బరువు ఒకటేనా అండీ?"

"అందరికీ ఒకటే తాడు, ఒకటే బురుజు. ఇంకేం కావాలి?"

"బరువు కూడా సమానం చేస్తే తమరు ఎక్కుతారా?"

రంగప్ప మీసం దువ్వాడు. "ఎంతైనా సరే."

అక్కమ్మ కొట్టులోని పెద్ద తూకపు త్రాసు తెప్పించింది. ఒక తట్టలో కొండయ్య, రెండో తట్టలో రంగప్ప కూర్చున్నారు. రంగప్ప తట్ట గాల్లోకి లేచింది. ఆమె అతని పక్కన బియ్యం మూటలు పెట్టించుకుంటూ పోయింది. నాలుగో మూటకు తట్టలు సమానమయ్యాయి. ఆ నాలుగూ అతని వీపుకు కట్టించింది.

"ఇప్పుడు ఎక్కండి."

రంగప్ప తాడు పట్టుకుని లాగాడు. ముఖం కందిపోయింది గానీ కాళ్లు నేల వదల్లేదు.

"ఇంత బరువుతో ఎవడెక్కుతాడు?" అని విసుక్కున్నాడు.

అక్కమ్మ నెమ్మదిగా అంది:

"కొండయ్య రెండు మూరలు ఎక్కాడండీ."

రాజు పకపకా నవ్వాడు. తలపాగాను తన చేతులతోనే కొండయ్య తలకు చుట్టాడు. "ఇకనుంచి బురుజెక్కేవాళ్లకు తాడు ఇవ్వండి, తలుపు కాసేవాళ్ల చేత తలుపు మూయించి చూడండి" అని, తన చేతి కడియం తీసి అక్కమ్మకు ఇచ్చాడు.

అప్పటికే మూటలతో సహా చతికిలబడిన రంగప్ప, "ప్రభూ, ముందు నన్ను ఎవరైనా లేపండి" అన్నాడు.

కొండయ్య ఒంటి చేత్తో లేపి నిలబెట్టాడు. అక్కడున్నవాళ్లంతా గొల్లున నవ్వారు.