ఎర్రన్నకు జోడు

అనగనగా, మరీ అంత పాతకాలమేమీ కాదు, ఎడ్లు మనుషులతో మాట్లాడటం దాదాపుగా మానేసిన రోజుల్లో, కొండ దిగువన ఒక పల్లెలో పైడయ్య అనే రైతు ఉండేవాడు. అతనికి పోలమ్మ అనే ఇల్లాలు, కాస్త మెట్టపొలం, ఒక బండి, జోడెడ్లు ఉండేవి. కాడికి ఎడమపక్క తెల్లన్న, కుడిపక్క ఎర్రన్న.

ఆ రెండింటిలో ఎర్రన్నకు మాటలొచ్చు. ఊరికే వాగేది కాదు. ఎప్పుడో అవసరమైతే, అదీ పైడయ్యతోనే, ఒక మాట అనేది.

ఒక వేసవిలో తెల్లన్న జబ్బుచేసి కన్నుమూసింది. ఆనాటి నుంచి ఎర్రన్న మేత సరిగా ముట్టలేదు. కొట్టంలో కుడివైపునే నిలబడేది, ఎడమవైపు చోటు ఖాళీగా వదిలేసి. పైడయ్య తవుడు కలిపి పెట్టాడు, బెల్లం పెట్టాడు, పచ్చగడ్డి కోసుకొచ్చి పెట్టాడు. ఎర్రన్న వాసన చూసి తల తిప్పేసుకునేది.

"ఏరువాక వొచ్చేస్తంది. ఒంటెద్దుతో ఏటి దున్నుతావు? సంతకి తోలీ," అన్నారు ఊళ్ళోవాళ్ళు.

సంతలో ముసలెద్దును కొనేవాళ్ళు దున్నడానికి కొనరని పైడయ్యకు తెలుసు. ఆ మాట వింటే చాలు, అతనికి ముద్ద గొంతు దిగేది కాదు.

ఆ సంతలోనే పాత ఇనుము కొనే కామేశం అంగడి ముందు ఒక ముసలి ట్రాక్టరు పడి ఉంది. రంగు పోయింది, తుప్పు పట్టింది, సీటు చిరుగులో గడ్డి కూడా మొలిచింది. రేపోమాపో దాన్ని సుత్తులతో ముక్కలు చేయిస్తానని కామేశం చెబుతున్నాడు. పైడయ్యకు ఎర్రన్న మొహం కళ్ళలో మెదిలింది. జోడు లేనివాడికి బండి మాత్రం దేనికి? బండిని కామేశానికి ఇచ్చేసి, ట్రాక్టరును లాగించుకొని ఇంటికి తెచ్చాడు. వేరే చోటు లేక, కొట్టంలో తెల్లన్న కట్టుకొయ్య దగ్గర నిలబెట్టాడు.

పోలమ్మ నడుం మీద చెయ్యేసుకొని చూసింది.

"తిరిగే బండినిచ్చి తిరగని బండిని తెచ్చినావు! నీ తెలివి సంతకెల్లింది గానీ తిరిగి రానేదు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఏరువాక నాటికి ఇది దున్నకపోతే ఎర్రన్నని అమ్మక తప్పదు. తెలుసా?"

"తెలుసే," అన్నాడు పైడయ్య.

పాపం, అతనికి ఎడ్లు తెలుసు గానీ యంత్రాలు తెలియవు. అందుకని మొదట ఎద్దుకు చేసినట్టే చేశాడు. చెరువు నీళ్ళతో కడిగాడు, పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు. బండి ఇరుసుకు పూసే కందెన మిగిలి ఉంటే, ఆముదంలో గడ్డిమసి కలిపిన ఆ జిడ్డును కంత కనబడ్డ చోటల్లా దండిగా కూరాడు. ముందున్న హ్యాండిలు చెమటలు పట్టేలా తిప్పాడు. ట్రాక్టరు ఉలకలేదు, పలకలేదు.

రెండోసారి ఊళ్ళో మగాళ్ళందరినీ పిలిచి వాలులో నెట్టించాడు. అది ఒక్క దగ్గు దగ్గి, నల్లటి పొగ కాస్త వదిలి ఆగిపోయింది. పైడయ్యకు ఒళ్ళు మండింది. ఎడ్ల మీద ఏనాడూ లేపని చర్నాకోలతో దాని మూతి మీద ఒక్కటి అంటించాడు! నెట్టినవాళ్ళు పడీపడీ నవ్వి, మళ్ళీ దాన్ని కొట్టంలోకి తోసేసి వెళ్ళిపోయారు.

పొద్దుగూకే వేళ పైడయ్య ఎర్రన్న కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. అప్పుడు ఎర్రన్న నోరు విప్పింది.

"పైడయ్యా, నన్ను తెచ్చిన తొలిరోజు ఏటి సేసినావో గురుతుందా?"

"నీ పక్కన కూకున్నాను."

"నోరు తెరిచి సూసినావు. ఎక్కడ నొప్పో, ఏటి తింతానో కనుక్కున్నావు. మరి దీన్ని కనుక్కున్నావా?"

"ఇనుం ఏటి సెప్తాదిరా?"

"నాను మాత్రం ఆ రోజు సెప్పినానా? నువ్వే సూసుకున్నావు."

తెల్లారగానే పైడయ్య పొరుగూరి మెకానిక్కు సన్యాసిని బతిమాలి తెచ్చుకున్నాడు. సన్యాసి ఒక గొట్టం ఊడదీసి తల పట్టుకున్నాడు.

"బావా, బండి ఇరుసనుకున్నావేటి? ఇది గాలి పీల్చే ముక్కు! దీన్నిండా కందెన కుక్కినావు!"

పైడయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. కందెన గోకి తీస్తే దాని వెనక కందిరీగలు కట్టిన మట్టిగూడు బయటపడింది. డీజిలు ట్యాంకు అడుగున బురద పేరుకుపోయి ఉంది. ముసలిదానికి ఊపిరీ లేదు, తిండీ లేదు. సన్యాసి చూపిస్తుంటే పైడయ్య ఒక్కో మర విప్పాడు, కిరసనాయిలులో కడిగాడు, తన తువ్వాలుతోనే తుడిచి మళ్ళీ బిగించి, ట్యాంకులో కొత్త డీజిలు పోశాడు. ఆఖరున చర్నాకోల దెబ్బ తగిలిన చోట చేత్తో నిమిరాడు. ఇనుమే కావచ్చు, అయినా నిమిరాడు.

ఏరువాక పున్నమి వచ్చింది. పైడయ్య దండం పెట్టుకొని మూడోసారి హ్యాండిలు తిప్పాడు.

డబ్... డబ్... డబడబడబ!

కొట్టం దద్దరిల్లింది. పోలమ్మ పరుగున లోపలికి వెళ్ళి, దాచిపెట్టిన తెల్లన్న మెడగంటలు తెచ్చింది. వాటిని ట్రాక్టరు ముందు కట్టింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

సన్యాసి ఇచ్చిన నాగళ్ళు తగిలించుకొని పైడయ్య పొలానికి వెళ్ళాడు. గట్టు మీద జనం గుసగుసలాడారు. ఏరువాక తొలిచాలు జోడుతోనే వెయ్యాలని ఆ ఊరి ఆచారం.

"ఒంటిగా తొలిచాలేటి? దీనికి జోడేదీ?"

అంతలో వెనక అడుగుల చప్పుడు. గంటలు విని పలుపు తెంచుకొని ఎర్రన్న వచ్చేసింది! నేరుగా ట్రాక్టరుకు కుడిపక్కకు వెళ్ళి, కాడికి మెడ ఇచ్చినట్టు తల వంచి నిలబడింది. దాని మీద కాడీ లేదు, బరువూ లేదు. ట్రాక్టరు కదిలితే కదిలింది, ఆగితే ఆగింది. అలా పక్కపక్కనే ఆ చివరిదాకా నడిచి తొలిచాలు వేశాయి. జోడు కుదిరిందని జనమే ఒప్పుకున్నారు.

చాలు చివర ఎర్రన్న గట్టుకు మూతి ఆనించి గడ్డి మెయ్యడం మొదలుపెట్టింది, ఆవురావురుమంటూ. పైడయ్య దాని మెడ కావలించుకున్నాడు.

"బెల్లం పెట్టినా ముట్టనేదు కదరా! పక్కన జోడు కావాలని నాకు సెప్పొచ్చు కదా?"

ఎర్రన్న నములుతూనే అంది. "నువ్వు పెట్టినావు గానీ, ఏటి కావాలని అడగనేదు కదా పైడయ్యా."

కాబట్టి పిల్లలూ, ఎంత ప్రేమ ఉన్నా సరే, పెట్టే ముందు ఏం కావాలో కనుక్కొని పెట్టాలి.