రాజావారి ఖాళీ కంచం

రేగులపాడు అనే బుల్లి సంస్థానం ఒకప్పుడు ఉండేది. కోట చిన్నదే గానీ, దాన్నేలే మార్తాండ భూపతి గారి మీసం మాత్రం చక్రవర్తులకు ఉండాల్సినంత ఉండేది.

కలెక్టరు దొర రాబోతున్నాడని రాజావారు అనంతశయనం పంతులు దగ్గర ఇంగ్లీషు మొదలుపెట్టారు. ఒకరోజు నిండు కొలువులో “ఐ వాంట్!” అని గర్జించారు.

“ఏం కావాలో కూడా చెప్పాలి ప్రభూ,” అన్నాడు పంతులు మెల్లగా. “అది ట్రాన్సిటివ్ క్రియ. ‘ఏం’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబే కర్మ. అది లేనిదే మాట పూర్తికాదు. అదే ‘ఐ స్లీప్’ అంటే చాలు. నిద్రకు కర్మతో పనిలేదు కాబట్టి అది ఇంట్రాన్సిటివ్.”

రాజావారి ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

“మా మాట అసంపూర్ణమా? మా క్రియకు ఇంకొకరి ఊతమా? ఇప్పట్నుంచి ఈ కోటలో ఏ క్రియకూ కర్మ ఉండటానికి వీల్లేదు. నువ్వు తెల్లారేసరికి ఊరు విడిచి పో!”

ఇంటినిండా పిల్లలున్న పంతులుకు ఈ కొలువే ఆధారం. ఆస్థాన విదూషకుడు పేరయ్యకు మనసు చివుక్కుమంది. పైగా చదరంగంలో రోజూ తన చేతిలో ఓడిపోయి కూడా అలగని మనిషి ఊళ్ళో పంతులొక్కడే. అలాంటివాణ్ణి ఎలా వదులుకుంటాడు? తిన్నగా వంటశాలకు నడిచాడు.

మధ్యాహ్నం రాజావారు వెండి కంచం ముందు కూర్చున్నారు. గుత్తివంకాయ కూర ఘుమఘుమలు గదంతా నిండాయి. వంటవాడు కామయ్య వట్టి గరిటె గాలిలో తిప్పి, “వడ్డించాను ప్రభూ” అని చేతులు కట్టుకున్నాడు. ఆపైన ఖాళీ చెంబు వంచి, “పోశాను ప్రభూ” అన్నాడు.

“ఏం వడ్డించావురా? ఏం పోశావురా?” అని అరిచారు రాజావారు.

కామయ్య పక్కనే నిలబడ్డ పేరయ్య వైపు చూశాడు.

“‘ఏం’ అని అడక్కూడదు ప్రభూ. అడిగితే కర్మ వచ్చేస్తుంది,” అన్నాడు పేరయ్య వినయంగా. “తమ ఆజ్ఞే పాటిస్తున్నాం. తోటమాలి కోశాడట. ఏం కోశాడో నేనడగలేదు. తమరు హాయిగా నవ్వవచ్చు, దగ్గవచ్చు, నిద్రపోవచ్చు. తినడమే కాస్త కష్టం.”

రాజావారు గుడ్లురిమారు. ఇంతలో కడుపు గుర్రుమంది. కూర వాసన ఇంకా వస్తూనే ఉంది.

“ఐ వాంట్...” అని ఆగి, కంచం వంక చూసి, “...రైస్!” అన్నారు.

“భేష్ ప్రభూ! ఇప్పుడు పూర్తయింది!” అన్నాడు తలుపు చాటున దిగులుగా నిలబడ్డ పంతులు, ఆపుకోలేక.

రాజావారికి ఫక్కున నవ్వొచ్చింది. మీసాలు ఊగిపోయేలా నవ్వారు.

“పంతులూ, నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు. మేమున్నంతకాలం ఇక్కడే ఉండు. పేరయ్యా, మెచ్చాం! నీకూ ఇచ్చాం, పో!”

పేరయ్య కదల్లేదు. దోసిలి పట్టి అలాగే నిలబడ్డాడు.

రాజావారు ఆ ఖాళీ దోసిలి వంక చూసి మళ్ళీ నవ్వారు. వేలికున్న కెంపుటుంగరం తీసి అందులో వేస్తూ, “పూర్తయిందా?” అన్నారు.

“పూర్తయింది ప్రభూ!”

ఆ సాయంత్రం పంతులు చదరంగంలో ఎప్పటిలాగే ఓడిపోయాడు. పేరయ్యకు ఉంగరం కన్నా అదే ఎక్కువ ఆనందంగా అనిపించింది.