అలకపాన్పు మీద అలుగు

ఎప్పటి సంగతో, ఏ వైపు ఊళ్లో నేను చెప్పలేను గానీ, రేగుదుర్గమని ఒక రాజ్యం ఉండేదట. దాన్ని ఉద్దండరాయలనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరినీ ఊరికే కొట్టించలేదు, ఎవరి పొలమూ లాక్కోలేదు. కాకపోతే ఆయనకు ఒక పట్టింపు ఉండేది. ఎవరినీ ఏ ప్రశ్నా అడిగేవాడు కాదు.

తెలియనివాళ్లు అడుగుతారు, రాజుకు తెలియనిదంటూ ఉండదు, కాబట్టి రాజు అడగకూడదు. ఇదీ ఆయన వరస. బయట వాన పడుతోందా అని అడగడం నామోషీ అనుకుని, తిన్నగా బయటికొచ్చి తడిసిపోయేవాడు. భోజనానికి కూర్చుంటే విస్తట్లో పడ్డ కూరను చూసి "వంకాయ" అనేవాడు. అది బీరకాయే అయినా ఆ పూటకు వంకాయే. వండినవాళ్లు కూడా వంకాయనే చెప్పుకునేవాళ్లు.

దీనికి తోడు సభలో ఇంకో కట్టుబాటు ఉంది. రాజు అడగనిది ఎవరూ చెప్పకూడదు. చెబితే రాజుకు తెలియదని అన్నట్టు. ఆయన అడగడు, వీళ్లు చెప్పకూడదు. ఇక ఆ కోటలో రాజుగారి చెవికి ఏ సంగతి చేరుతుంది?

ఒకనాడు కొండదొర ఒకాయన రాజదర్శనానికి వచ్చాడు. వస్తూ వెదురుబుట్టలో ఒక జంతువును తెచ్చాడు. మూతి సన్నగా, తోక పొడుగ్గా, ఒళ్లంతా పెంకుల మీద పెంకులు పేర్చినట్టు ఉంది. వానలకు బొరియ కూలిపోయి దొరికిందనీ, దీన్ని అలుగు అంటారనీ చెప్పాడు. సభలో ఎవరూ అలాంటిదాన్ని చూడలేదు.

రాజుగారికి అది తెగ నచ్చేసింది. పుట్టుకతోనే కవచం తొడుక్కున్న జీవి ఉండాల్సింది రాజుల ఇంట్లోనేననీ, ఈ రోజు నుంచీ అది అంతఃపురంలో పెరుగుతుందనీ ప్రకటించాడు. దాన్ని ఎలా సాకాలో చెబుదామని కొండదొర నోరు తెరిచాడు. పక్కనున్న భటుడు మోచేత్తో పొడిచి, రాజుగారు నిన్ను అడగలేదు గదా అని సైగ చేశాడు. కొండదొర నోరు మూసుకుని దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

అలుగును చూసుకునే పని కోనమ్మకు అప్పజెప్పారు. కోనమ్మ రాణిగారి పుట్టింటి నుంచి చిన్నప్పుడే వెంట వచ్చిన దాసి. రాజుగారి పిల్లలందరినీ ఎత్తుకుని పెంచింది ఆమే. ఆ కోట తప్ప ఆమెకు వేరే ఇల్లంటూ లేదు.

బుట్టలోంచి తీసి నేల మీద పెట్టగానే అలుగు ముడుచుకుని బంతిలా అయిపోయింది. మూతి లేదు, కాళ్లు లేవు, అన్నీ పెంకులే. కోనమ్మ పాలు పెట్టింది, అరటిపండు పెట్టింది, నానబెట్టిన శనగలు పెట్టింది. పచ్చగడ్డి కోసుకొచ్చి పెట్టింది. చివరికి ముక్కు మూసుకుని వంటశాల నుంచి మాంసం ముక్కలు కూడా తెచ్చి పెట్టింది. ఏదీ ముట్టలేదు. మర్నాడూ అంతే.

అలుగును చూద్దామని వచ్చిన రాజుగారి కంట ఆ ముట్టని తిండి పడింది. ఆయన దీన్ని తన పరువు మీదికి తీసుకున్నాడు. మా ఇంట అన్నం దొరక్క ఒక జీవి పోయిందంటే మాకు తలవంపులు, దానికేమైనా అయిందా, కోనమ్మ కోట దాటి వెళ్లిపోవలసిందే అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి కోనమ్మ కూడా అన్నం మానేసింది.

అప్పుడు, అడక్కుండానే శాస్త్రం చెప్పే వీలు సభలో ఒక్కడికే ఉన్న ఆస్థాన పండితుడు యజ్ఞన్నశాస్త్రి లేచి, ఇందులో పెద్ద మర్మమేమీ లేదన్నాడు.

"దాని పేరులోనే ఉంది ప్రభూ. అలిగేది గనుక అలుగు. తిండి ముట్టదు, మొహం చూపించదు, మాటకు పలకదు. మా అల్లుడు అచ్చం ఇలాగే ఉంటాడు."

సభంతా ఔనౌనంది. అలిగినవాళ్లకు ఏం చేయాలో మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. పెళ్లిలో కొత్త అల్లుడు అలకపాన్పు ఎక్కి ముడుచుకుని కూర్చుంటాడు, అత్తమామలు వచ్చి ఏం కావాలి నాయనా అని అడుగుతారు, అడిగింది ఇచ్చి దింపుతారు. అలుగుకీ అదే మర్యాద చేయాలన్నారు. ఏం కావాలని అడగడం మాత్రం రాజుగారికి కుదరదు గనుక, అలిగినవాళ్లకు ఇవ్వడమే ప్రధానం, అడగడం కాదని శాస్త్రి సర్దుబాటు చేశాడు.

ఇంకేం, వెండికోళ్ల పట్టెమంచం వేశారు. పట్టుపరుపు పరిచారు. నడుమ అలుగును కూర్చోబెట్టారు, కూర్చోబెట్టడమంటే బంతిని పెట్టినట్టు పెట్టారు. చుట్టూ పరుపు మీదే పళ్లేల్లో అరిసెలు, బూరెలు, సున్నుండలు. గదినిండా పగలూ రాత్రీ దీపాలు. గుమ్మంలో సన్నాయి, డోలు. ముత్తయిదువలు వంతులేసుకుని అలక పాటలు పాడారు. తీపి వాసనకు గది నేల మీద చీమలు బారులు తీరితే, కొత్త అతిథిని కుడతాయేమోనని మంచం చుట్టూ పసుపుతో గట్టిగా గీత గీశారు. ఒక్క చీమ కూడా దాటకుండా చూడమని ఇద్దరిని కాపలా పెట్టారు.

అలుగు ఇంకా బిగుసుకుపోయింది.

ఆ కోటలో వెంగన్న అని ఒకడుండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని కొలువు. పేరును బట్టి అతన్ని వెర్రివాడనుకునేవాళ్లు కొందరుండేవాళ్లు. వాళ్లను అలాగే అనుకోనిచ్చేవాడు. కోనమ్మ అతని దగ్గరికి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది.

"వెంగన్నా, అది అలిగినట్టు లేదు," అంది. "నేను పిల్లల్ని పెంచినదాన్ని. అలిగిన పిల్ల మనం చూస్తున్నామో లేదోనని ఓరకంట చూస్తుంది. ఇది చూడటం లేదు. చెయ్యేస్తే లోపల గుండె దడదడలాడుతోంది. నిన్నటికీ ఇవాళ్టికీ బరువు తగ్గింది."

ఈ మాట శాస్త్రిగారితో ఎందుకు చెప్పలేదని అడిగాడు వెంగన్న. చెప్పాననీ, నీకు వ్యాకరణం తెలుసా అని అడిగారనీ అంది.

వెంగన్న చెప్పులేసుకుని కోట బయటికి నడిచాడు. అదృష్టం బాగుండి కొండదొర ఇంకా ఊరు దాటలేదు, ఉప్పు కొనుక్కుంటూ అంగడిలోనే ఉన్నాడు. వెంగన్న అతని పక్కన చతికిలబడి, అలుగు ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, దేనికి బెదురుతుంది అని ఒకటొకటిగా అడిగాడు. కొండదొర అన్నిటికీ చెప్పాడు. మరి సభలోనే చెప్పి ఉండకూడదా అంటే, "అడిగితేగదా అయ్యా" అన్నాడు.

తిరిగొచ్చి వెంగన్న సభలో చేతులు కట్టుకుని, అలుగు విషయమై ఒక మనవి ఉందన్నాడు. మేం అడగలేదు అన్నాడు రాజు. మళ్లీ నోరు తెరిస్తే కొలువు పోయేది. పోనీ చాటుగా ఏదైనా చేద్దామంటే, ఆ గదిలో దీపం ఒకటి ఆర్పాలన్నా రాజాజ్ఞ కావాలి. వెంగన్న ఆలోచించుకుంటూ ఇంటికి పోయి, ఒక ముతక కంబళి భుజాన వేసుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం దీపాలు వెలిగించే వేళకు రాజుగారు, రాణిగారు, శాస్త్రి అలక తీరిందేమో చూద్దామని గదిలోకి వచ్చారు. చూస్తే అలకపాన్పు మీద రెండు బంతులున్నాయి. ఒకటి అలుగు. రెండోది కంబళి కప్పుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించి ముడుచుకుని పడుకున్న వెంగన్న. మూలన కోనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

రాజుగారి మంచం ఎక్కడమంటే మాటలు కాదు. భటులు ముందుకొచ్చారు. శాస్త్రి మాత్రం వాళ్లను ఆపి, అలకపాన్పు మీద ఉన్నంతసేపూ ఎవరినీ లాగకూడదనీ, అది ఆచారానికి విరుద్ధమనీ అన్నాడు. తను చెప్పిన ఆచారం కదా, తనే కాదనలేకపోయాడు.

రాజు గొంతు సవరించుకుని, వెంగన్నకు పట్టుశాలువ ఇవ్వబడిందన్నాడు. కంబళి కదల్లేదు. ముత్యాల దండ ఇవ్వబడిందన్నాడు. కంబళి ఇంకా కొంచెం దగ్గరికి ముడుచుకుంది. రాణిగారు స్వయంగా సున్నుండ తెచ్చి కంబళి అంచు దగ్గర పెట్టింది. లాభం లేకపోయింది. నదిపక్క మాగాణి ఇవ్వబడిందన్నాడు రాజు. ఆ మాటకు కంబళి లోపల వెంగన్న ఊపిరి ఒక్క క్షణం ఆగిందట గానీ, పైకి తెలియనివ్వలేదు.

గుమ్మంలో సన్నాయి మోగుతూనే ఉంది. ముత్తయిదువలు పాడుతూనే ఉన్నారు. రాజుగారికి చెమటలు పట్టాయి. శాలువ ఇస్తే పలకడు, దండ ఇస్తే పలకడు, మాగాణి ఇస్తే పలకడు. లోకంలో ఇంతకంటే ఇవ్వగలిగింది ఏముంటుందో ఆయనకు తోచలేదు. చివరికి మంచం కోడు పట్టుకుని వంగి అరిచాడు.

"అసలు నీకేం కావాలయ్యా?"

సన్నాయి ఆగింది. పాట ఆగింది. రాజుగారి నోట ప్రశ్న రావడం ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

కంబళిలోంచి వెంగన్న తల బయటికొచ్చింది.

"ఎంత మంచి మాట అడిగారు ప్రభూ. ఏమీ లేదు, కాస్త దీపాలు తీయించండి. ఆ డోలు, సన్నాయి ఇంటికి పంపించండి. ఈ మంచం చుట్టూ ఉన్న పసుపు తుడిపించండి. అంతే."

"అంతేనా? మరి ముందే చెప్పకపోయావా?"

"అడగనిదే చెప్పకూడదు కదా ప్రభూ. పైగా ఇవన్నీ నాకోసం కాదు. నా పక్కన పడుకున్నది నోరులేనిది. దాని తరఫున నేను అలిగాను."

రాజు ఏమనుకున్నాడో గానీ చెయ్యి ఊపాడు. దీపాలు తీసేశారు. వాయించేవాళ్లు మెల్లగా మెట్లు దిగిపోయారు. కోనమ్మ తన కొంగుతోనే పసుపు గీత తుడిచేసింది. కిటికీలోంచి వచ్చే సందె వెలుతురు తప్ప గదిలో వేరే వెలుగు లేదు. అందరూ గోడవారగా నిలబడ్డారు.

కాసేపటికి పసుపు లేని చోటు చూసుకుని చీమలు మంచం కోళ్ల మీదికి ఎక్కాయి. అక్కడి నుంచి అరిసెల పళ్లెంలోకి పాకాయి. పళ్లెం నల్లబడింది. ఇంకాసేపటికి పరుపు మీద పెంకుల చప్పుడైంది. బంతి కొంచెం విచ్చుకుంది. సన్నటి మూతి ఒకటి బయటికొచ్చి గాలి వాసన చూసింది. తర్వాత అలుగు నిదానంగా పళ్లెం దగ్గరికి నడిచి, నూలుపోగులాంటి నాలుక చాపింది.

అరిసె తింటోంది, నేను చెప్పలేదా, అని శాస్త్రి గుసగుసగా అన్నాడు. వెంగన్న ఆయన్ను చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. నాలుక పోయిన చోటల్లా చీమలు మాయమవుతున్నాయి. అరిసె అరిసెలాగే ఉంది.

కోనమ్మ ఉన్నచోటే నేల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ వెలుతురులో తెలియలేదు.

ఆ తర్వాత రాజుగారిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఇన్నేళ్లూ లోపల దాచుకున్నవన్నీ ఒక్కసారి వచ్చాయేమో, గొంతు తగ్గించి వరసగా అడగడం మొదలుపెట్టాడు. ఇంకేమైనా తింటుందా? చీమలూ చెదపురుగులే. ఎన్ని? పుట్టలకు పుట్టలు. పగలేం చేస్తుంది? నిద్రపోతుంది. ఎక్కడ? తవ్వుకున్న బొరియలో.

"అయితే మా కోటలో ఉండదా?"

"ఉంటుంది ప్రభూ, గోడ కింద తవ్వుకోనిస్తే. కోట ఉంటుందో లేదో నేను చెప్పలేను."

రాణిగారు ఫక్కున నవ్వింది. శాస్త్రి మాత్రం ఇంకా తేల్చుకోలేక, మరి అలక సంగతేమిటని అడిగాడు.

"అలక కాదు శాస్త్రిగారూ, భయం," అన్నాడు వెంగన్న. "అలిగేవాళ్లకు బతిమాలేవాళ్లు ఉన్నారన్న ధైర్యం ఉంటుంది. దానికి ఇక్కడ ఎవరున్నారు?"

రాజు అలుగు వైపు తిరిగి చూశాడు. తర్వాత, రేపు ఎండ ఎక్కకముందే దాన్ని మూత ఉన్న బుట్టలో కొండకు చేర్చమనీ, కొండదొరను కూడా వెంట పంపమనీ చెప్పాడు. కోనమ్మ వైపు తిరిగి, నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదమ్మా, అన్నం తిన్నావా అని అడిగాడు. ఇన్నేళ్ల కొలువులో ఆయన ఆమెను అడిగిన మొదటి మాట అది. లేదంది. రాణిగారు ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పెరుగన్నం పెట్టించింది. తిన్నచోటే కోనమ్మకు నిద్ర పట్టేసిందట.

అలుగును కొండ మీద దింపి వచ్చిన మర్నాడు సభ జరిగింది. రాజు వెంగన్నను పిలిచి పక్కన నిలబెట్టుకుని, మా కళ్లు తెరిపించినందుకు నీకు మా పట్టపుటేనుగు పిల్లను బహుమానంగా ఇస్తున్నాం అనబోయి, "ఏనుగు" అన్న మాట దగ్గర ఆగిపోయాడు. గడ్డం రాసుకున్నాడు.

"వెంగన్నా, మీ ఇంటి గుమ్మం వెడల్పెంత?"

"నేను పక్కకు తిరిగి దూరేంత ప్రభూ."

"దొడ్డి ఉందా?"

"ఉంది. అందులో మా ఆవిడ తోటకూర వేసింది. మడిలో కాలు పెడితే నన్నే రానివ్వదు."

రాజు పడీ పడీ నవ్వాడు. కిరీటం పక్కకు ఒరిగినా సర్దుకోలేదు. సభంతా ఆయనతో పాటు నవ్వింది, శాస్త్రి కూడా నవ్వాడు. ఏనుగు మాట అక్కడితో వదిలేసి, పట్టుశాలువ కప్పి, ముత్యాల దండ మెడలో వేశాడు. నదిపక్క మాగాణి కూడా రాసిచ్చాడు. పాడికి ఒక ఆవునూ ఇద్దామనుకున్నాడు గానీ, గడ్డికీ నీళ్లకూ వీలుందో లేదో, పాలు పితికే ఓపిక ఉందో లేదో వెంగన్న భార్యను ముందు కనుక్కుని రమ్మని ఒక మనిషిని వాళ్లింటికి పంపాడు.