మొగలో తాడు వేసిన పోలమ్మ

అనగా అనగా ఒక రేవు. ఏరు వచ్చి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆ రేవు ఉండేది. మొగ నీళ్ల కింద కంటికి కనపడని ఇసుక మేటలు. దారి తెలిసిన సరంగు ఎక్కితే ఓడ రేవు చేరుతుంది. లేకపోతే మేటకెక్కి విరుగుతుంది.

ఆ రేవులో పోలమ్మ అనే పద్దెనిమిదేళ్ల పిల్ల ఉండేది. ఎప్పటికైనా రేవుకు పెద్ద సరంగు కావాలని ఆమె కోరిక. దానికి రెండు దారులు కనపడ్డాయి. ఒకటి, రాజధానిలోని నౌకాశాల. ప్రవేశ పరీక్షలో నెగ్గింది. పున్నమి లోపల చేరకపోతే ఆ చోటు మరొకరికి పోతుంది. రెండోది, మేనమామ పైడన్న పడవ. ఆయనకూ ఆ పున్నమికే తెడ్డు వేసే మనిషి కావాలి.

పైడన్న ముప్పయ్యేళ్లుగా సరంగు. "బడిలో అలలు వస్తాయటే అమ్మడూ? తాటాకుల మీద ఈదుతావా?" అని నవ్వాడు.

నౌకాశాల ఆచార్యుడు భానుదత్తుడు ఆ నెల పని మీద రేవుకు వచ్చి ఉన్నాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. "బావిలో కప్ప కూడా ముప్పయ్యేళ్లు ఈదుతుంది. ఈదినందుకు దానికి సముద్రం తెలిసిపోతుందా?" అన్నాడు.

పోలమ్మ ఇద్దరికీ ఎదురు చెప్పలేదు. "మీ ఇద్దరి పనీ చూసి తేల్చుకుంటాను," అంది.

ఆ నెల మూడు ఓడలు వచ్చాయి.

మొదటి ఓడ వచ్చిన రోజు ఎండ కాస్తోంది. పైడన్న ముందు నిలబడి నీటి రంగు చూశాడు. ముదురు పచ్చ ఉన్నచోట లోతు, తెల్లగా పొర్లే చోట మేట. పొయ్యి మీది అన్నం ఉడికేలోపు ఓడను ఒడ్డుకు చేర్చాడు. పోలమ్మ మనసు పడవ వైపు మొగ్గింది.

రెండో ఓడ వచ్చేసరికి మంచు కమ్మింది. నీళ్లే కనపడటం లేదు. పైడన్న ఏమీ చేయలేకపోయాడు. భానుదత్తుడు తిథిని బట్టి పోటు వేళ లెక్కకట్టాడు. పటం చూసి, తెడ్డు వేట్లు లెక్కపెట్టిస్తూ ఓడను లోపలికి తెచ్చాడు. పోలమ్మ మనసు బడి వైపు మొగ్గింది.

మూడోది పున్నమికి ముందు రోజు వచ్చింది. పెద్ద ఓడ. అందులో నూట ఇరవై మంది యాత్రికులు, వాళ్లలో పసిపిల్లలు. యాత్రికుల కోసం రేవుకు వచ్చి ఉన్న రాజుగారి ఆజ్ఞ మీద ఇద్దరు పెద్దలూ ఓడెక్కారు. పోలమ్మ వెంట వెళ్లింది.

ఆ వారమే కొండల్లో వానపడి ఏటికి వరద వచ్చింది. నీళ్లన్నీ ఒకటే ఎరుపు. పైడన్న చూపు పనిచేయదు. మేటలు చోటు మారాయి. భానుదత్తుడి పటం పనిచేయదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనలేదు.

లోతు కొలిచే తాడు ఓడలోనే ఉంది. తాడు కొసన సీసపు గుండు, గుండు అడుగున మైనం. గుండు నేలకు తగిలితే అక్కడి మన్ను మైనానికి అంటుకుని పైకి వస్తుంది. కానీ తాడు వేసేవాడు పాలుతాగే సరంగని ఆ రేవులో ఒక మాట ఉంది. పేరున్న సరంగెవడూ దాన్ని ముట్టడు.

"ఎడమకు తిప్పు!" అన్నాడు పైడన్న.

"కుడికి!" అన్నాడు భానుదత్తుడు.

"మామా, తాడు వేద్దామా?" అంది పోలమ్మ.

"నోర్ముయ్! పక్క పడవలన్నీ చూస్తున్నాయి. నా పరువు తీస్తావా?"

"అయ్యవారూ, మీరైనా చెప్పండి."

"పటంలో ఇక్కడ లోతు ఐదు బారలు. కొలిచినదాన్ని మళ్లీ కొలవడం ఏమిటి?"

ఓడ మెల్లగా ముందుకు పోతోంది. పోలమ్మ ఇక ఎవరినీ అడగలేదు. తాడు తీసి విసిరింది.

"ఒరేయ్, పైడన్న మేనకోడలు తాడేసిందిరోయ్!" అని పక్క పడవల్లో ఈలలు వేశారు.

తాడు రెండు బారలకే సడలింది. ఆ ఓడ తేలడానికి రెండున్నర బారల నీళ్లు కావాలి.

"రెండు బారలే! లంగరు దించండి!" అని అరిచింది. ఓడవాళ్లు నమ్మింది పోలమ్మను కాదు, తాడును. లంగరు దిగింది. ఓడ ఆగింది. ఈలలూ ఆగాయి.

గుండుకు తెల్లని ఇసుక అంటి ఉంది. "ఇదేమిటి మామా?" అని చూపించింది. పైడన్న ఆ ఇసుకను వేళ్ల మధ్య నలిపి చూశాడు. తర్వాత, "కొత్తగా పడిన మేట. నల్లబురద ఎక్కడ అంటితే అక్కడ ఏరు పారే లోతు దారి," అన్నాడు.

"పోటు ఎప్పుడొస్తుంది అయ్యవారూ?"

భానుదత్తుడు వేళ్లు మడిచాడు. "నాలుగు గడియలు ఆగాలి. రెండు మూరల నీరు, అంటే అర బార, పెరుగుతుంది."

ఆ నాలుగు గడియలూ పోలమ్మ చిన్న పడవలో తిరుగుతూ పదిహేడు చోట్ల తాడు వేసింది. నల్లబురద దొరికిన చోటల్లా ఒక వెదురు పాతించింది. పోటు వచ్చింది. ఓడ ఆ వెదుళ్ల వెంట రేవులోకి వచ్చింది.

రాజుగారు సంతోషించి, "పెద్ద సరంగు పదవి నీదే," అన్నారు.

కోరుకున్నది చేతికి వచ్చింది. పోలమ్మ చేతులు జోడించింది. "ఇప్పుడు వద్దు మహారాజా. బురద సంగతి మామ చెప్పాడు. పోటు సంగతి అయ్యవారు చెప్పారు. నేను చేసింది అడగడం, కొలవడం. బురద సంగతీ పోటు సంగతీ నాకే రాకుండా పదవి ఎక్కితే నాలుగో ఓడ మునుగుతుంది."

"మరి రేపే పున్నమి. బడికా, పడవకా?" అని అడిగారు రాజుగారు.

"ముందు పడవకు. నాకేం తెలియదో నీళ్ల మీద తెలుసుకుని, రెండేళ్ల తర్వాత బడికి వెళ్తాను."

"ఆ చోటు నీకోసం ఆగదమ్మాయీ," అన్నాడు భానుదత్తుడు.

"ఆగకపోతే మళ్లీ పరీక్ష రాస్తాను అయ్యవారూ."

ఆ చోటు ఆగలేదు. పోలమ్మ రెండేళ్లు తెడ్డు వేసింది. పరీక్ష ఒకసారి తప్పింది, మరుసటి ఏడు నెగ్గింది. నాలుగేళ్లు చదివింది. పెద్ద సరంగు అయ్యేనాటికి ఆమెకు ఇరవై ఐదేళ్లు. ఎంతటి సరంగైనా మొగలో తాడు వేయవలసిందేనని తొలి ఆజ్ఞ ఇచ్చింది. పైడన్న గొణిగాడు. గొణుగుతూనే వేశాడు.

చదువు చెప్పేదీ, అనుభవం చెప్పేదీ నిన్నటి లోతే. నేటి లోతు తెలియదని ఒప్పుకుని కొలిచేవాడికే ఆ రెండూ అక్కరకు వస్తాయి.