మడుగు కింద గాజు దారి

ఒక కంప్యూటర్ ఆటలో ఒక జూ ఉంది. ఆ జూలో ఒక మడుగు, మడుగులో ఒక ముసలి నీటి ఏనుగు. దాన్ని చూసుకోవడానికి ఒక కాపరి ఉన్నాడు. ఆ ఆట ఆడేది ఎవరో, ఎక్కడ కూర్చుని ఆడతాడో కాపరికి తెలియదు. ఆకాశంలో కదిలే తెల్ల బాణం గుర్తొక్కటే తెలుసు. ఆ బాణాన్ని కదిలించేవాణ్ణి జూలో అందరూ పైవాడు అనేవారు.

ఆ లోకంలో మనసులో మాట దాచుకునే వీలు ఎవరికీ లేదు. ఆకలేస్తే తల మీద ఎర్ర గుర్తు లేస్తుంది. విసుగేస్తే పసుపు గుర్తు, అన్నీ సరిపోతే పచ్చ గుర్తు. పైవాడు మొహాలు చూడడు, గుర్తులు చూస్తాడు. అంత జూ నడిపే దొరకు ఒక్కొక్కరి మొహం చూసే తీరిక ఎక్కడిది!

నీటి ఏనుగుకు ఒకటే అలవాటు. పగలంతా మడుగులో, బండరాయి కింద చీకటి మూలలో పడుకునేది. ఊపిరి కోసం ముక్కుపుటాలు పైకి పెట్టి మళ్లీ మునిగేది. ఎండ దిగి జనం పల్చబడ్డాక మెల్లగా ఒడ్డెక్కి, కాపరి వేసిన గడ్డి తినేది. కాపరి దాన్ని "పెద్దమ్మా" అని పిలిచేవాడు. ఆ పిలుపుకు అది ఒక చెవి ఆడించేది. వాళ్లిద్దరి మధ్యా అంతకు మించి మాటల్లేవు, ఎప్పుడూ అవసరం పడలేదు.

చూడవచ్చినవాళ్లకు మాత్రం ఇది గిట్టలేదు. టికెట్టు కొని వస్తే బండరాయిని చూపిస్తారా అని వాళ్ల తలల మీద పసుపు గుర్తులు లేచాయి. అవి పైవాడి కంటబడ్డాయి. కాలం ఆగింది.

పైవాడు ఏది కట్టాలన్నా ముందు కాలాన్ని ఆపుతాడు. ఎత్తిన కాలు ఎత్తినట్టే, చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోతాయి. ఆ మధ్యలో అతను మడుగు తోడేశాడు. పెద్దమ్మను పెట్టెలోకి ఎత్తాడు. అడుగున మట్టి తవ్వి గాజు గొట్టం పరిచి, దాని రెండు కొసలూ బయటి బాటకు కలిపాడు. మళ్లీ నీళ్లు నింపి పెద్దమ్మను దింపాడు. కాలం కదిలి కాపరి ఎత్తిన కాలు నేల మీద పెట్టేసరికి, మడుగు కింద మనుషులు నడుస్తున్నారు.

గాజు దారి కిక్కిరిసింది గానీ పెద్దమ్మ ఎవరికీ కనబడలేదు. దారి తన మూల పక్కనుంచే పోయిందని బెదిరి, మడుగు అవతలి కొసకు, తామరాకుల కిందికి వెళ్లిపోయింది. సాయంత్రం ఒడ్డెక్కడం కూడా మానేసింది. కాపరికి ప్రాణం ఒప్పలేదు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్లలో దిగి, దాని నోటి ముందుకే తీసుకెళ్లి పెట్టాడు.

మర్నాడు కాలం ఆగింది. తామరాకుల కింద రెండో గాజు దారి వెలిసింది.

పెద్దమ్మ రెల్లు దుబ్బుల్లోకి మారింది. కాపరి మోపు ఎత్తుకుని అక్కడికీ వెళ్లాడు. మూడో దారి కూడా అక్కడికే వచ్చింది.

బాటలు ఊడ్చే ఆవిడ ఒకతె మొదట్నుంచీ ఇదంతా చూస్తోంది. చీపురు ఆపి కాపరిని పిలిచింది.

"అన్నా, నువ్వు మోపెత్తుకుంటే చాలు, పైనున్న బాణం నీ వెనకాలే వస్తోంది. చూసుకున్నావా?"

"నా వెనకాలా?"

"మరి? అదెక్కడ దాక్కుందో ఆయనకేం తెలుసు. నువ్వేగా తీసుకెళ్లి చూపిస్తున్నావు."

కాపరి మోపు దించేశాడు. ఆ రోజు గడ్డి తీసుకెళ్లలేదు, మర్నాడూ తీసుకెళ్లలేదు. మూడో రోజుకు నీళ్ల మీద ఎర్ర గుర్తొకటి లేచింది. ఎంత లోతున మునిగినా ఆకలి పైకి కనబడుతూనే ఉంటుంది. నాలుగో దారి తిన్నగా ఆ గుర్తు కిందికే పోయింది.

మేత పెట్టినా తంటాయే, పెట్టకపోయినా తంటాయే. కాపరికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది.

దారులు పోగా ఇక మిగిలింది బండరాయి కింది పాత మూల ఒక్కటే. పెద్దమ్మ మళ్లీ అక్కడికే చేరింది. అక్కడ కూడా దారి పడితే మడుగులో నీళ్లు చాలవు. నీళ్లు చాలని జంతువును పైవాడు పెట్టెలో పెట్టి గిడ్డంగికి పంపుతాడు. గిడ్డంగికి పోయిన జంతువు తిరిగి రావడం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

"ఏం చేస్తావన్నా?" అంది ఊడ్చే ఆవిడ.

"ఆయనకు కావాల్సింది అది కనబడటమేగా. కనబడితే ఇక తవ్వడు."

"అది కనబడనంటోంది కదా."

"ముందు బతకాలి కదమ్మా," అన్నాడు కాపరి.

గడ్డిమోపు తీసుకెళ్లి మొదటి దారి గాజుకు ఆనించి పెట్టాడు. "పెద్దమ్మా" అని పిలిచాడు. రాలేదు. రెండో రోజు చెవి మాత్రం కనబడింది. మూడో రోజు ఆకలికి తాళలేక కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. గాజు అవతల నూరు మొహాలున్నాయి. అది గడ్డి నోట కరుచుకుని వెనక్కు తిరగబోయింది. కాపరి దాని మెడ మీద చెయ్యి వేసి ఆపాడు. చెయ్యి వేసింది కాపరి కనుక అది ఆగింది.

అట్లా పది రోజులు గడిచాయి. గాజు దారి పొడుగునా పచ్చ గుర్తులు నారుమడిలా లేచాయి. తెల్ల బాణం తృప్తిపడి సింహాల వైపు వెళ్లిపోయింది. చీకటి మూల దక్కినందుకు కాపరి ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

పదకొండో రోజున మోపు తెచ్చి బండ కింద పెట్టాడు.

"పెద్దమ్మా, వచ్చెయ్. ఇక్కడెవరూ లేరు."

అది కదల్లేదు. గాజు ముందు గడ్డి లేదు, జనం కూడా వెళ్లిపోయారు, అయినా అక్కడే నిలబడింది. కాపరి భుజం ఆనించి నెట్టాడు. నాలుగడుగులు వేసి మళ్లీ గాజు దగ్గరికే వెళ్లింది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. ఎంత పిలిచినా చెవి ఆడించలేదు. తల మీద మాత్రం పచ్చ గుర్తు నిగనిగలాడుతోంది.

కాపరి ఒడ్డున కూర్చుని ఏడ్చాడు.

"ఆయన కాదమ్మా, నేను చేశాను ఇది. దాని మెడ పట్టుకుని నేనే చేశాను."

ఊడ్చే ఆవిడ ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

తినని గడ్డి నీళ్లలో కుళ్లిపోతుందని, దాన్ని తీసేయడానికి కాపరి మూలకు వెళ్లాడు. వెళ్లినవాడు వెంటనే బయటికి రాలేదు. బండ కింద మెడ లోతున చల్లటి నీళ్లున్నాయి. బుద్ధెరిగాక ఏ కన్నూ తన మీద లేని చోట నిలబడటం అతనికి అదే మొదటిసారి. పెద్దమ్మ అన్నేళ్లూ ఇక్కడ ఏం చూసుకుని పడి ఉందో అప్పుడు తెలిసింది. తెలిసి ఇంకా ఏడుపొచ్చింది. మర్నాడు కూడా వెళ్లాడు. ఆ తర్వాత పొద్దున వెళితే సాయంత్రం దాకా అక్కడే ఉండసాగాడు.

గాజు దారిలో జనానికి మళ్లీ విసుగెత్తింది. కదలని జంతువును ఎన్నిసార్లని చూస్తారు?

"గడ్డి మోసుకొచ్చే ఆయన ఉండాలే, ఏడీ?" అని ఒకామె మొగుణ్ణి అడిగింది. "పిల్లలకు అదే చూపిద్దామని తీసుకొచ్చాను."

ఆమె తల మీద పసుపు గుర్తు లేచింది. తర్వాత మొగుడి తల మీద, ఆ వెనకవాళ్ల తలల మీద లేచింది.

ఊడ్చే ఆవిడ పరుగున ఒడ్డుకొచ్చి బండ వైపు వంగింది.

"అన్నా, బయటికి రా. నీ కోసం అడుగుతున్నారు."

కాపరి విన్నాడు, కదల్లేదు.

"అన్నా, బాణం ఇటే వస్తోంది."

అతను ఇంకొంచెం లోపలికి జరిగాడు. వీపుకు రాయి తగిలింది. ఇక జరగడానికి చోటు లేదు. పైన నీళ్ల మీద తెల్లగా ఏదో కదిలింది. ఇంకొక్క ఘడియ ఉండి వెళ్లిపోతాను అనుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

కాలం ఆగింది.